శీతసూచనకు టీకా తాత్పర్యాలు

మూలం: ఈ రాత్రి ఆర్కిటిక్ చలి. కనిష్ఠం మైనస్ 10. పడమటి గాలి గంటకు 20 మైళ్ళు, గాలిచలి మైనస్ 35. బుధవారం చలి తగ్గుముఖం. గురువారం దక్షిణపు గాలి, గరిష్ఠం 38, వాన పడే అవకాశం 40 శాతం.

అవతారిక: చికాగో శివార్లలో జనవరి చివర ఏ ఫోను తెరిచినా ఇంచుమించు ఈ వచనమే కనిపిస్తుంది. నేపర్‌విల్, అరోరా తెలుగువాళ్ళు దీన్ని రోజుకు పదిసార్లు పారాయణ చేస్తారు గానీ అర్థం విచారించరు. అందుకే ఈ పూనిక.

ప్రతిపదార్థం: ఈ రాత్రి = చెత్తడబ్బా రోడ్డు పక్కకు ఈడ్చవలసిన రాత్రియందే; ఆర్కిటిక్ చలి = ఉత్తరధ్రువం నుంచి కెనడా మీదుగా దిగివచ్చిన చలి; కనిష్ఠం = కారు స్టార్టు చేయబోయే వేళకు సరిగ్గా చేరుకునే అడుగుమెట్టు; తగ్గుముఖం = విస్తరించి చెప్పాలి, కింద చూడుడు; అవకాశం = కర్త తప్పించుకొను ద్వారము.

టీక: 'మైనస్ 10' ఫారెన్‌హీటు లెక్క. సెంటీగ్రేడులో మైనస్ 23. విజయవాడ నుంచి అమ్మ ఫోను చేసి "లంబసింగి కంటే ఎక్కువట్రా?" అంటే అవునని ఊరుకోవాలి, లెక్క చెప్పబోతే స్వెట్టరు దగ్గరికి వస్తుంది సంభాషణ. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ ఒక్కటవుతాయి. అద్వైతసిద్ధికి అంత చలి కావాలి.

'గాలిచలి': ఒంటిని అంటుకున్న వెచ్చని గాలిపొరను గాలి ఊడ్చుకుపోవడం వల్ల కలిగే అనుభవం. దీని సూత్రకారులు సైపుల్, ప్యాసెల్ అనే ఇద్దరు. అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, ఎంతసేపటికి గడ్డకడతాయో చూశారు. మనిషి గొట్టం కాడని తరువాతివారు ఆక్షేపించి, మనుషుల్ని చల్లగాలిలో నడిపించి చూసి, 2001లో సూత్రం తిరగరాశారు. మైనస్ 35 అంటే బోసిముఖంతో నిలబడితే అరగంటలోపే చర్మం గడ్డకట్టవచ్చని భావం.

శంక: మరి కారుకు? సమాధానం: కారుకు గాలిచలి లేదు. ఎంత గాలి వీచినా అది మైనస్ 10ని దాటి చల్లబడదు, ఆ మైనస్ 10కి త్వరగా చేరుతుందంతే. బ్యాటరీ చచ్చినవాడికి ఈ సమాధానం రుచించదు.

అలంకారం: విరోధాభాసం. ధ్రువం మీద సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున గాలి హఠాత్తుగా వేడెక్కితే అక్కడి చలిసుడి చెదిరి, ముక్కలై, ఒక ముక్క మన నెత్తిన పడవచ్చు. వేడి వల్ల చలి! 2019 మొదట్లో జరిగింది ఇదే. జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో ఫారెన్‌హీటు లెక్కన మైనస్ 23. పోస్టు బట్వాడా ఆగింది, రైలుపట్టాలు కలిసే చోట్ల గ్యాసుమంటలు పెట్టారు. ఫిబ్రవరి మొదటి వారంలోనే పాదరసం 40 దాటింది.

ఇక 'తగ్గుముఖం'. ప్రాణమంతా ఈ పదంలోనే ఉంది, మోసమూ ఇందులోనే. 38 అంటే సెంటీగ్రేడులో మూడు. హైదరాబాదులో అయితే స్కూళ్ళు మూసేవారు. ఇక్కడ పక్కింటాయన నిక్కరుతో బయటికొచ్చి కారు కడుగుతాడు. నిన్నటిదాకా చలి నిజాయితీపరుడు: చంపుతానంది, మనం లోపల కూర్చున్నాం. వెచ్చదనం అలా కాదు. మంచు పగలు కరిగి, రాత్రి మళ్ళీ బిగుసుకుని, తారుకు పూసిన అద్దంలా పరుచుకుంటుంది. కంటికి కనిపించదు, నడుముకు తెలుస్తుంది. గోడలో చలికి పగిలిన పైపు కూడా లోపలి గడ్డ కరిగే రోజునే తన సంగతి చెబుతుంది. మా కింది గది కార్పెట్ దీనికి ఉదాహరణ, ఎక్కువ చెప్పను.

'దక్షిణపు గాలి' అనగానే మన కావ్యసంస్కారం మలయమారుతం వైపు పరుగెడుతుంది. గంధపుచెట్లు, విరహులు, కోయిలలు ఇక్కడ అన్వయించవు. ఇది మెక్సికో సింధుశాఖ తేమను టెక్సాస్ మీదుగా మోసుకొచ్చే గాలి. డల్లాస్‌లోని బావమరిది "మాకు వెచ్చగానే ఉంది బావా" అని వాట్సాప్‌లో పెట్టేది దీని గురించే.

'40 శాతం': రోజులో 40 శాతం సేపు వాన అని కొందరి వ్యాఖ్య, ఊళ్ళో 40 శాతం మేర అని మరికొందరిది. రెండూ అగ్రాహ్యాలు. మీ ఇల్లున్నచోట కనీసం అంగుళంలో నూరోవంతు పడే సంభావ్యత అంత అని సిద్ధాంతం. పడినా, పడకపోయినా కర్త పక్షాన దోషం లేదు.

తాత్పర్యం: ఈ రాత్రి చంపుచలి. ఎల్లుండి

ఇక్కడ కలం ఆగింది, కారణం మూలమే మారడం. సాయంత్రం కొత్తపాఠం వచ్చింది: 'వాన' స్థానే 'గడ్డకట్టే వాన'. పైన వెచ్చగాలి, నేలనంటి ఇంకా వదలని చలి. చినుకు నీరుగానే దిగి, తాకినచోటల్లా గాజవుతుంది. కాళిదాసు శ్లోకం మార్చడని మల్లినాథుడికి ఎంత ధీమా! ఉప్పుసంచీ గరాజులో ఎక్కడో ఉండాలి. అయినా 15 డిగ్రీలకు దిగువ అది పెద్దగా పనిచేయదు, గురువారందాకా వేచి చల్లుకోవాలి. చెత్తడబ్బా మాత్రం ఈ రాత్రే.