టీచరమ్మ మెడలో నేను

నా మీద ఉన్నవి రెండే వరుసలు. పైన మా టీచరమ్మ పేరు, కింద ‘డోసెంట్’ అన్న మాట. షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్‌లో నగరపు కట్టడాలను జనానికి తిప్పి చూపించే స్వచ్ఛంద గైడ్లను అలా పిలుస్తారు. టీచరమ్మ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. నేను ఆమె మెడలో వేలాడే బ్యాడ్జిని.

ఊరంతా తిరిగాను గానీ భవనాలను నేను చూసింది తక్కువే. మంచి గైడు భవనానికి వీపు పెట్టి, మనుషులకేసి తిరిగి మాట్లాడుతుంది. అందుకని నా ఎదుట ఎప్పుడూ ముఖాలే. మరీనా సిటీ జంట టవర్ల ముందుకు రాగానే పిల్లలు నోరు తెరుస్తారు, పెద్దలు వేలెత్తి అంతస్తులు లెక్కపెట్టడం మొదలుపెడతారు. బెర్‌ట్రాండ్ గోల్డ్‌బర్గ్ గీసిన ఆ 65 అంతస్తుల్లో కింది 19 కార్లు నిలపడానికే. గోడల్లేని అంచున ముక్కు బయటపెట్టి నిలబడ్డ కార్లను చూసి ‘అమ్మో, పడిపోవూ?’ అని ఎవరో ఒకరు అని తీరతారు. టీచరమ్మ సరిగ్గా ఆ మాట కోసమే ఆగి ఉంటుంది. అక్కడ అందుకుని, జనం ఊరు వదిలి శివార్లకు వెళ్ళిపోతున్న రోజుల్లో, ఇల్లూ కారూ వినోదమూ ఒకేచోట పెట్టి మనుషుల్ని నగరం నడిబొడ్డున నిలబెట్టాలని చూసిన మనిషి కథ చెబుతుంది. ఆ కథ ఎదుటివాళ్ళ కళ్ళలోకి దిగడం నేను చూస్తాను. ఆమె గుండె అప్పుడు ఎలా కొట్టుకుంటుందో కూడా నాకు తెలుసు, నేనుండేది దాని మీదే కదా.

మా సంస్థ పుట్టింది ఆఫీసు గదిలో కాదు, వీధిలో. 1892 నాటి గారిక్ థియేటర్‌ను, అంటే ఆర్కిటెక్టులు ఆడ్లర్, సలివన్ల చేతిపనిని, పడగొడతామన్నప్పుడు రిచర్డ్ నికెల్ అనే ఫొటోగ్రాఫర్ అట్ట పట్టుకుని కాలిబాట మీద నిలబడ్డాడు. ఆయనతో పాటు మరికొందరు నిలబడ్డారు. అయినా 1961లో దాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో కార్ల పార్కింగు వచ్చింది. ఆ దెబ్బ తిన్నవాళ్ళే, తర్వాత ప్రెయిరీ అవెన్యూలో గ్లెస్నర్ ఇల్లు అమ్మకానికొచ్చినప్పుడు ఊరుకోలేదు. 1966లో కొందరు ఆర్కిటెక్టులు, నగరాన్ని ప్రేమించినవాళ్ళు ఒక సంస్థగా ఏర్పడి, చందాలు పోగుచేసి 35,000 డాలర్లకు ఆ ఇంటిని కొన్నారు. హెచ్.హెచ్. రిచర్డ్‌సన్ గీసిన ఇల్లది. వీధివైపు కోటగోడలాంటి గ్రానైటు, లోపలివైపు ఎండ నిండిన పెరడు. ఇల్లు పూర్తయ్యేలోపే, 1886లో, రిచర్డ్‌సన్ పోయాడు. ఇల్లు నిలిచింది. దాన్ని చూపించడానికీ చుట్టుపక్కల నగరాన్ని చూపించడానికీ మనుషులు కావాలి గనుక 1971లో తొలి డోసెంట్లకు శిక్షణ ఇచ్చారు. మా వంశం అక్కడ మొదలు.

మరుసటి ఏడు, 1972 ఏప్రిల్లో, నికెల్ చనిపోయాడు. కూల్చేస్తున్న పాత స్టాక్ ఎక్స్చేంజి భవనంలోకి, అదీ సలివన్ పనే, చెక్కుడు ముక్కలు కాపాడదామని వెళ్తే శిథిలాలు మీద పడ్డాయి. శవం దొరకడానికి వారాలు పట్టింది. టీచరమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచదు, తగ్గించదు. బొటనవేలితో నా అంచు రుద్దుతుంది. నా కుడి మూల నునుపు తేలింది అందుకే.

డోసెంటు కావడం తేలిక కాదు. నెలల తరబడి చదువు, తరగతులు, ఆ పైన అనుభవజ్ఞుల ముందు నడుస్తూ చెప్పి మెప్పించాలి. ఏ టూరుకు ఆ టూరే విడిగా నేర్చుకోవాలి. నదిలో పడవ మీద చెప్పేది వేరు, కాలిబాట మీద చెప్పేది వేరు. పడవ ఆగదు. 1983లో నది మలుపుకు సరిపోయేలా ఆకుపచ్చ అద్దాన్ని వంచి కట్టిన 333 వ్యాకర్ డ్రైవ్ ఎదురొచ్చేసరికి మాట కూడా అక్కడికి చేరి ఉండాలి. గాలి మాటను ఎత్తుకుపోతుంది. ఇంత చేసినందుకు చేతికొచ్చే జీతం సున్నా.

ఈ జీతం సంగతి ఒక తెలుగు కుటుంబం నా ఎదుటే తేల్చుకుంది. వేసవి. కొడుకు దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు, పెద్దాయన తెల్ల బూట్లు సరికొత్తవి, ఆవిడ చీర మీద స్వెట్టరు. ట్రిబ్యూన్ టవర్ గోడ దగ్గర టీచరమ్మ ఆగింది. 1925లో పూర్తయిన ఆ భవనం కింది గోడల్లో ప్రపంచం నలుమూలల కట్టడాల నుంచి తెచ్చిన రాతి ముక్కలు పొదిగారు. వాటిలో తాజ్‌మహల్ ముక్క ఒకటి. ఆవిడ ముందుకొచ్చి దాన్ని అరచేత్తో తడిమి, ‘మన రాయిని ఇంతదూరం తెచ్చి గోడలో పెట్టారా’ అంది. పెద్దాయన మాత్రం రాతిని కాదు, టీచరమ్మనే చూస్తున్నాడు.

‘ఈవిడకి జీతమెంతో అడగరా.’

‘నాన్నా, ఇక్కడ అలా అడగకూడదు.’

‘గంట నుంచి ఎండలో నిలబడి చెబుతోంది, అడిగితే తప్పేంటి?’

కొడుకు మొహమాటపడుతూ అడిగాడు. ‘ఏమీ ఇవ్వరు, మేమే ఇష్టపడి చేస్తాం’ అంది టీచరమ్మ. కొడుకు తెలుగులో చెప్పగానే తల్లికి వెంటనే అర్థమైంది. ‘తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్ళమూ, అలాగన్నమాట’ అంది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు మా గురించి. పెద్దాయన ఇంకా వదల్లేదు. ‘సరే, సేవే అనుకో. మరి వీళ్ళకేదైనా ఇబ్బందొస్తే ఎవరితో చెప్పుకుంటారు? జీతగాడికైతే యూనియన్ ఉంటుంది.’

టీచరమ్మ ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకోలేదు. తమకో కౌన్సిల్ ఉందని, దాని సభ్యుల్ని డోసెంట్లే తమలోంచి ఎన్నుకుంటారని, ఆ ఎన్నిక దగ్గర్లోనే ఉందని నిదానంగా చెప్పింది. పెద్దాయన తల పంకించి, ‘అయితే ఫరవాలేదు’ అన్నాడు, తనకేదో హామీ దొరికినట్టు. ఆ తర్వాత వివేకానందుడు మాట్లాడిన చోటెక్కడని అడిగాడు. 1893 నాటి ఆ సర్వమత సభ జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అని, మిషిగన్ అవెన్యూ మీదే దక్షిణంగా నడిస్తే వస్తుందని చెప్పింది. నికెల్ ప్రాణం పోయిన స్టాక్ ఎక్స్చేంజిలోని వ్యాపార మందిరాన్ని మళ్ళీ నిలబెట్టింది కూడా అక్కడే, తప్పక చూడమంది.

పెద్దాయన ప్రశ్న నాలో ఉండిపోయింది. జీతం తీసుకునేవాడికి నచ్చకపోతే బేరమాడే దారి ఒకటుంది. ఇష్టంతో వచ్చేవాడికి అదీ లేదు. మనసు కష్టపడితే చెప్పకుండా మానేస్తాడు. అతను నేర్చుకున్నదంతా అతనితోనే పోతుంది. ఎందుకు మానేశాడో కూడా ఎవరికీ తెలియదు. అందుకే జీతం లేనివాళ్ళకే ప్రతినిధి ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ళకు దక్కేది తమ మాటకు విలువొక్కటే, అది దక్కి తీరాలి.

ఎన్నిక రోజులు వచ్చాయి. పోస్టర్లు లేవు, మైకులు లేవు. నిలబడేవాళ్ళు తమ గురించి నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలి. టీచరమ్మను నిలబడమని చాలామంది అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. ‘నాలాంటి రిటైరైనవాళ్ళం ఎప్పుడూ ఉంటాం. పగలు ఉద్యోగం చేసుకుని శనాదివారాల్లో టూర్లు తిప్పేవాళ్ళ తరఫున ఎవరున్నారు?’ అంది. అలా అని ఒక కుర్రాణ్ణి వెతికి పట్టుకుంది. బ్యాంకులో పని. డోసెంటై ఎంతోకాలం కాలేదు. ‘నాకంటే తెలిసినవాళ్ళు ఉన్నారు కదా’ అని నసిగాడు. ‘నీకు తెలియనిది వాళ్ళను అడుగుతావు. అదే కావాలి మాకు’ అంది.

అక్కడే ఆమెకు చిక్కొచ్చింది. ఆమెతో పాటు ఒకే బ్యాచిలో శిక్షణ పొందిన స్నేహితుడు, రిటైరైన ఆర్కిటెక్టు, ఆయనా నిలబడ్డాడు. నిలబడ్డవాళ్ళందరికీ సరిపడా స్థానాలు లేవు. ఆయన మాట్లాడితే ఉక్కు బీములకు కూడా ఊపిరొస్తుంది. ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ గొట్టాల కట్ట పద్ధతి గురించి, ఇప్పుడు విల్లిస్ టవర్ అంటున్న 110 అంతస్తుల సియర్స్ టవర్ గాలికి ఎలా తట్టుకుంటుందన్న దాని గురించి ఆయన చెబుతుంటే విన్నవాళ్ళు కదలరు. టీచరమ్మ ఆయన దగ్గరే సగం నేర్చుకుంది.

అభ్యర్థులు మాట్లాడిన సాయంత్రం నాకు బాగా గుర్తు. చుట్టూ నాలాంటి బ్యాడ్జిలే. కొన్నింటి అక్షరాలు వెలిసిపోయాయి, కొన్ని నిన్న మొన్నటివి. స్నేహితుడు గొప్పగా మాట్లాడాడు. సంస్థ ఎక్కణ్ణుంచి వచ్చిందో, తొలితరం వాళ్ళు ఏం కాపాడారో చెప్పాడు. కొందరి కళ్ళు చెమర్చాయి. తర్వాత కుర్రాడు లేచాడు. చేతిలో మడత కాగితం. తన గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టి, కాగితం విప్పాడు. అందులో ఉన్నవి ఇతరుల మాటలు. చలికాలం టూర్లో ఏ భవనాల లాబీల్లోకి గుంపును రానిస్తారో, ఏవి మానేశాయో డోసెంట్లకు ముందే తెలిసే దారి ఉండాలి. పనిరోజుల్లో పెట్టే తరగతులకు రాలేనివాళ్ళకు మరో రోజు కావాలి. మోకాళ్ళు సహకరించక నడక టూర్లు మానుకుంటున్న పెద్దవాళ్ళు కింది హాల్లో షికాగో నమూనా దగ్గర నిలబడి చెప్పగలరు. నాలుగు వేలకు పైగా బుల్లి భవనాలున్న ఆ నమూనా దగ్గర అన్నీ తెలిసిన మనిషి ఒకరుంటే వచ్చినవాళ్ళకూ మేలే. ప్రతి విషయం పక్కనా అది ఎవరు చెప్పారో రాసుకున్నాడు. వాళ్ళు చదవమంటేనే పేరు చదివాడు.

కథ చెప్పడంలో స్నేహితుడికి సాటిలేరు. కానీ కౌన్సిల్లో కూర్చునేవాడు చెప్పాల్సింది తన కథ కాదు. ఆ గదిలో నాకు ఎదురుగా ఉన్న ముఖాలు ఆ తేడాను పట్టుకోవడం చూశాను. కుర్రాడి కాగితంలో తన మాట వినబడగానే వెనక వరుసలో చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ నిటారుగా కూర్చుంది.

ఇంటికెళ్ళి టీచరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. నన్ను తీసి పక్కన పెట్టడం మరిచిపోయింది. వేలు మౌసు మీద పెట్టి చాలాసేపు అలాగే ఉంది. ఒక వైపు తనకు విద్య నేర్పిన స్నేహితుడు. మరో వైపు తానే నిలబెట్టిన కుర్రాడు. ఒక్క ఓటు కాదు, స్థానాలను బట్టి కొన్ని ఓట్లు వేయొచ్చు. అయినా చివరి పేరు దగ్గర ఆమె గుండె వేగం పెరిగింది. ఆమె ఎవరికి వేసిందో నేను చూశాను. అది రహస్య ఓటు, కాబట్టి చెప్పను.

ఫలితాల్లో కుర్రాడి పేరుంది. స్నేహితుడి పేరు లేదు.

మర్నాడు టీచరమ్మకు నది పక్క మెట్ల దగ్గర స్నేహితుడు ఎదురుపడ్డాడు. ఇద్దరి బ్యాడ్జిలమూ ఒకరినొకరం చూసుకున్నాం. ‘నీ ఓటెవరికని అడగను’ అన్నాడాయన. ‘అడిగినా చెప్పను’ అంది ఆమె. ఆయన సంచిలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీశాడు. ఏళ్ళుగా రాసుకున్నది. ఏ లాబీకి ఏ వేళలో వెళ్తే రానిస్తారు, ఎక్కడ కాపలా వాళ్ళకు ముందే నమస్కారం పెట్టాలి, ఎక్కడ పదిమందికి మించి తీసుకెళ్ళకూడదు, చలిలో వృద్ధులకు కాసేపు కూర్చోవడానికి బెంచీ ఎక్కడుంది, అన్నీ వీధుల వారీగా ఉన్నాయి. ‘ఆ అబ్బాయికి ఇది కావాలి. కాగితంలో మొదటిది అదే కదా’ అన్నాడు.

ఇవ్వడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. కుర్రాడు అక్కడే నిలబడి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చోట ఆగి, ‘ఈ లాబీ ఇప్పుడు మూసేశారండీ, మరమ్మతులు’ అన్నాడు. స్నేహితుడు జేబులోంచి పెన్ను తీసి ఆ వరుస కొట్టేసి, ‘ఇంకేం మారాయో చెప్పు’ అన్నాడు. టీచరమ్మ టూరుకు వేళైంది. జనం అప్పటికే పోగయ్యారు. వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి ఆమె భవనానికి వీపు పెట్టి నిలబడింది.