నాలుగు నాలుగులూ, నానా రూల్సూ

అర్ధరాత్రి దాటాక ముహూర్తమున్న పెళ్ళిళ్ళలో నిద్ర ఆపుకోవడానికి పేకాటే గతి. మా బంధువుల్లో పేకముక్క ముట్టని శాఖ ఒకటుంది. వాళ్ళకి నాలుగు నాలుగుల లెక్కే కాలక్షేపం. శుభలేఖ వెనక ఖాళీ, జేబులో పెన్ను ఉంటే చాలు. సరిగ్గా నాలుగు 4లు వాడి 1, 2, 3 అంటూ వరసగా సంఖ్యలు పుట్టించాలి. ఒక్క 4 తగ్గినా, ఒక్కటి మిగిలినా చెల్లదు.

మొదట్లో అందరూ పెద్దమనుషులే. 44ని 44తో భాగిస్తే 1. మూడు 4లు కూడి నాలుగోదాంతో భాగిస్తే 3. 44లోంచి 4 తీసేసి 4తో భాగిస్తే 10. ఇక్కడిదాకా ప్రతివాడూ రామానుజన్ పోజే.

11 దగ్గర అసలు రంగు బయటపడుతుంది. 44ని 4తో భాగిస్తే 11 వచ్చేస్తుంది గానీ, పెళ్ళికాని మేనమామలా ఇంకో 4 మిగిలిపోతుంది. అప్పుడు ఇంజనీరింగ్ కుర్రాడొకడు "వర్గమూలం వాడొచ్చుగా" అంటాడు. √4 అంటే 2; అలాంటివి రెండు కూడి 44ని భాగిస్తే 11.

"ఆ గుర్తులో కనబడని 2 ఒకటుంది కదరా, అదెవరి ఖాతాలో రాస్తావ్?" అన్నాడు ట్రెజరీలో రిటైరైన మా బాబాయి.

"కనబడదు కదా తాతయ్యా!"

సర్వీసంతా విన్న జవాబే కాబట్టి పాస్ చేసేశాడు.

13కి ఫాక్టోరియల్ దిగింది. 4 పక్కన ఆశ్చర్యార్థకం పెడితే 24. అందులోంచి 44/4 తీసేస్తే 13. ఆ గుర్తు చేతికొచ్చాక ఇక ఎవడూ నిజాయితీగా ఆడడు. నన్నడిగితే ఈ ఆటలో లెక్క కంటే రూల్సు మీద బేరమే రుచి. 1881లో లండన్ 'నాలెడ్జ్' పత్రికలో అచ్చయిన నాడు కూడా ఇదే తగువు నడిచి ఉంటుందని నా అనుమానం.

ఈ బేరానికి తలుపులు మూసిన మహానుభావుడు పాల్ డిరాక్, 1933లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాయన. లాగరిథమ్ తెచ్చి, మూడే మూడు 2లతో ఏ సంఖ్యయినా వచ్చే సూత్రం చెప్పాడంటారు. ఎంత సంఖ్య కావాలో అన్ని వర్గమూలాలు ఒకదానిలో ఒకటి దూర్చాలి, అంతే. అలాంటాయన్ని పెళ్ళికి పిలిస్తే జీలకర్రా బెల్లం దాకా జనం ఏం చేసి చావాలి? బాబాయి మాత్రం బెదరలేదు. "17 కావాలంటే 17 వర్గమూలాలు లెక్కపెట్టాలా? 17 లెక్కపెట్టడం వచ్చినవాడికి మళ్ళీ 17 దేనికిరా?"

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1964లో ఇంకో మెట్టు దిగి, ఒక్క 4 చాలన్నాడు. 4 ఫాక్టోరియల్ 24. దానికి మళ్ళీ ఫాక్టోరియల్ కడితే 24 అంకెల సంఖ్య వస్తుంది. వరసగా ఐదు వర్గమూలాలు తీస్తే 5.54 దగ్గర తేలుతుంది. దశాంశాలు కొట్టేస్తే 5. ప్రతి సంఖ్యా ఇలాగే వస్తుందని ఆయన ఊహ, నిరూపించినవాళ్ళు లేరు. ఇదంతా రాసి బాబాయి ముందు పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చివరి వరస మీద వేలు పెట్టాడు.

"యాభై పైసలు దాటితే రూపాయికి సర్దాలి. ఇది 6. బిల్లు వాపస్."