ముందుబ్రేకు మీమాంస

మోటారు సైకిలు ముందుబ్రేకును బలపరచాలని సంకల్పించినవారు విడిభాగాలను కొనే క్రమాన్ని పరిశీలిస్తే, ఆ క్రమానికి భాగాల ప్రయోజనంతో కంటే టీకొట్టు దగ్గర నిలబడ్డవారి చూపుతోనే ఎక్కువ సంబంధం ఉన్నట్టు తేలుతుంది. అన్నిటికంటే ముందు బంగారు రంగు క్యాలిపర్ వస్తుంది. డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో పట్టి నొక్కే దిమ్మకే ఆ పేరు. దాని వెనుక చిల్లుల డిస్కు, ఉక్కు తీగల అల్లికతో మెరిసే గొట్టం వస్తాయి. హ్యాండిల్ మీద లివర్ పక్కన కూర్చొని బ్రేకు ఆయిల్‌ను కిందికి నెట్టే మాస్టర్ సిలిండర్ చిన్నది, పైగా నల్లది కావడం వల్ల, దాని వంతు వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయి ఉంటాయి. టైరు కూడా నల్లదే గనుక దాని వంతు రానే రాదు.

నిజానికి వ్యవహారమంతా ఆ నల్లని మాస్టర్ సిలిండర్ చేతిలోనే ఉంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పిన నియమం ప్రకారం, పైనున్న చిన్న పిస్టన్‌ను వేళ్లతో నొక్కినప్పుడు క్యాలిపర్‌లోని పెద్ద పిస్టన్ల దగ్గర పుట్టే బలం ఆ రెంటి వైశాల్యాల నిష్పత్తిలో పెరుగుతుంది; అయితే పెరిగిన బలానికి మూల్యంగా చిన్న పిస్టన్ ఎక్కువ దూరం ప్రయాణించాలి, అంటే లివర్ ఎక్కువ లోపలికి రావాలి. బలమూ కావాలి, లివర్ కదలనూ కూడదు అనేవారికి పాస్కల్ దగ్గర మందు లేదు.

ఇక్కడే ప్రమాణ విచారం అవసరమవుతుంది. పూర్వపక్షం ఇది: పెద్ద మాస్టర్ సిలిండర్ వేయించాక లివర్ గట్టిపడింది, కాబట్టి బ్రేకు బలపడింది. వేళ్లతో నొక్కి చూడటం ప్రత్యక్ష ప్రమాణమే గనుక, బండి స్టాండు మీద ఉన్నంతసేపు ఈ వాదానికి తిరుగులేదు. సిద్ధాంతం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే డిస్కు ఉన్న బండికి సరిపోయే అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల పిస్టన్‌ను తీసేసి, రెండు డిస్కుల పెద్ద బళ్లకు వాడే 5/8 అంగుళం, అంటే సుమారు 15.9 మిల్లీమీటర్ల పిస్టన్‌ను పెడితే, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది గనుక ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. వేళ్లు పెట్టే బలం మారకపోతే గొట్టంలో పీడనం 36 శాతం తగ్గుతుంది. లివర్ గట్టిగా తగిలేది బ్రేకు బాగా పట్టినందుకు కాదు, వేళ్ల బలం చాలనందుకు. వేలకు వేలు పోసి బ్రేకును మూడోవంతుకు పైగా బలహీనపరచుకొని, ఆ గట్టిదనాన్ని స్నేహితుల చేత కూడా నొక్కించి అభినందనలు అందుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే సన్మానం. దీనికి విపర్యయమూ ఉంది: క్యాలిపర్ పెద్దదై మాస్టర్ సిలిండర్ మరీ చిన్నదైతే, లెక్క ప్రకారం బలం అమోఘమే గాని, పెద్ద పిస్టన్లను కదిలించేంత ఆయిల్ చేరకముందే లివర్ వచ్చి గ్రిప్పును తాకుతుంది.

తెలుగునాట ఈ శాస్త్రానికి ప్రధాన ప్రయోగశాల యమహా ఆర్ఎక్స్ 100. 1996లో తయారీ ఆగిపోయినా, 2018లో ఒక తెలుగు సినిమాకు తన పేరునిచ్చిన ఈ బండి, కదలడంలో చూపే ఉత్సాహాన్ని ఆగడంలో చూపదు. దాని ముందుచక్రానికి ఉన్నది కేబుల్‌తో పనిచేసే డ్రమ్ బ్రేకు, అంటే చక్రం మధ్యలోని డ్రమ్మును లోపలినుంచి రెండు షూలు ఒరుసుకొని ఆపే ఏర్పాటు. క్యాలిపర్‌ను బిగించే చెవులు పాత ఫోర్కుకు లేవు గనుక డిస్కు కోసం ఫోర్కు మార్చాలి; ఫోర్కుతో పాటు దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే దిమ్మలు మారాలి; హబ్ మారాలి; పాత హబ్‌తోనే స్పీడోమీటర్ కేబుల్‌కు లంకె ఉంది గనుక, దానికి వేరే ఏర్పాటు చేయకపోతే మీటరు ముల్లు సున్నా దగ్గర శాశ్వతంగా విశ్రమిస్తుంది. ఎంత వేగం నుంచి ఆగుతున్నదీ తెలియని బండి బ్రేకును ఎంతైనా పొగడవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో "సెట్టైపోద్దన్నా" అన్నా, హైదరాబాదు గల్లీలో "సెట్ అయితదన్నా" అన్నా, ఫోర్కుకు చెవులు వెల్డింగు చేసి సరిపెడతానని దాని అర్థమైతే మాత్రం అక్కడినుంచి బండిని నెట్టుకొని వచ్చేయడం మేలు. ఇది హాస్యానికి చెబుతున్న మాట కాదు. ఇంతా చేసి బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే, బండిని ఆపవలసింది అరిగిన టైరు.

చిన్న వస్తువుల అహంకారం మరీ ఎక్కువ. గొట్టం చివరి కన్నులోంచి దూరి ఆయిల్‌కు దారినిచ్చే డొల్ల బోల్టును బ్యాంజో బోల్టు అంటారు. 10 మిల్లీమీటర్ల లావుతోనే ఇది 1.0 మరల అంతరంతోనూ, 1.25 అంతరంతోనూ దొరుకుతుంది. చూపులకు కవలలైన ఈ రెంటిలో ఒకటి రెండోదాని చోట రెండు చుట్లు మర్యాదగా తిరిగి ఆగిపోతుంది. పానాతో బలవంతపెడితే మాత్రం ఖరీదైన క్యాలిపర్ మరలన్నిటినీ తీసుకొని లోపలికి వెళుతుంది. దాని కింది రాగి వాషర్లు కొత్తవి వేయకుండా పాతవే బిగిస్తే ఆయిల్ కారుతుంది. ఆ ఆయిల్ విషయంలో మరో చిక్కుంది: డాట్ 3, 4, 5.1 రకాలు గ్లైకాల్ జాతివి కాగా డాట్ 5 సిలికోన్ జాతిది, పాతదానితో కలపరానిది. అయినా నాలుగు కంటే అయిదు పెద్దదన్న గణితజ్ఞానంతో దాన్ని పోయించేవారు ఉండనే ఉంటారు. గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం 230 డిగ్రీలకు తగ్గకుండా మరగవలసినది, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుడుకు లొంగుతుంది, లివర్ ఖాళీగా గ్రిప్పు దాకా వస్తుంది.

కాబట్టి బ్రేకు మార్చదలచిన పాఠకులు మొదట మంచి టైరు, కొత్త ప్యాడ్లు లేదా షూలు, డిస్కు బండికైతే కొత్త ఆయిల్ వేయించి నడిపి చూడాలని, అప్పటికీ తృప్తి కలగకపోతే బంగారు రంగు జోలికి పోయే ముందు మాస్టర్ సిలిండర్ ఒంటిమీద సాధారణంగా పోతపోసి ఉండే కొలతను చదివి, కాగితం మీద నిష్పత్తి వేసుకొని దుకాణానికి వెళ్లాలని మనవి.