మొదటి లారీ

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో కట్టల మేస్త్రి. లారీ బరువంతా మోసే కమాను పట్టీలు విరిగితే కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు తెచ్చి, ఒకదాని కింద ఒకటి పేర్చి, సెంటర్ బోల్టు బిగించేవాడు. ఏ బండి షెడ్డు ముందు ఆగినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే. "ఎంత లోడు తోల్తావు?"

నేను హైదరాబాదులో, డేటా దాచే డిస్కులు తయారుచేసే కంపెనీలో ఇంజనీర్ని. అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉండేవాడు. వారానికోసారి ఫోన్ చేసి ఒకటే చెప్పేవాడు.

"ఒరేయ్, ఫోన్ నిండిపోయిందంటోంది. ఏం తీసెయ్యమంటావు?"

"అన్నీ తీసెయ్ నాన్నా."

"అన్నీ ఎలా తీసేస్తాంరా? కొన్ని ఉంచుకోవాలి గదా."

ఆ సంక్రాంతికి 256 జీబీ ఫోను కొని పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎంత లోడు తోలుద్ది?" అన్నాడు.

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా పని గురించి ఆయన అడగడం అదే మొదలు. ఆయన బల్ల మీదే కూర్చుని, ఆయన లెక్కలోనే చెప్పాను.

"1956లో ఐబీఎమ్ వాళ్ళు రామాక్ అని ఒక మిషన్ చేశారు నాన్నా. ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కు అదే. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, ఒకదాని మీద ఒకటి గిర్రున తిరుగుతుండేవి. బరువు టన్ను దాకా ఉండేది. అందులో పట్టేది నాలుగు ఎంబీ కూడా కాదు, మూడూ ముప్పావు. ఇప్పుడు ఫోన్లో తీసే ఫొటో ఒక్కటి పడితే గొప్ప."

"టన్ను బరువుకి ఒక్క ఫొటోనా?"

"తర్వాత గుర్తు పెట్టే చుక్కని చిన్నది చేస్తూ పోయారు. 2007కి అరచేతిలో పట్టే డిస్కులోకి వెయ్యి జీబీ వచ్చింది. 2019లో అదే వెయ్యి జీబీ గోరంత కార్డులోకి దిగింది. పక్కపక్కన చోటు చాలక ఇప్పుడు పైకి కడుతున్నారు. ఈ ఫోన్లో ఉన్న చిప్పు కూడా అపార్టుమెంటు లాంటిదే. కొత్త చిప్పుల్లో రెండు వందల అంతస్తులు దాటాయి."

నాన్న సుద్దముక్క తీసి గచ్చు మీద లెక్క వేశాడు. 256 జీబీకి అలాంటి మిషన్లు అరవై ఎనిమిది వేల పైచిలుకు. లారీకి పది టన్నుల చొప్పున ఆరువేల ఎనిమిది వందల లారీలు. లారీ పొడవు ముప్పై అడుగులు వేసి గుణించి, తలెత్తాడు.

"ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఇక్కణ్ణుంచి ఏలూరు దాకా లారీలేరా!"

ఆ కళ్ళల్లో మెరుపు చూసి నాకు చాలా గర్వమేసింది. ఆయనే మళ్ళీ ఫోనుని బల్ల మీద పెట్టి, "ఇంత పెద్ద బండి నాకెందుకురా? ఖాళీ లారీకే కుదుపెక్కువ. కట్ట కట్టేది లోడు కోసం. లోడు లేకపోతే అది మెత్తగా నడవదు," అన్నాడు. ఒక్క క్షణం ఆగి అడిగాడు. "ఇదెప్పటికి నిండుద్దంటావు?"

"నీ జన్మలో నిండదు నాన్నా."

నాన్న కార్తీకంలో పోయాడు. పెద్దకర్మ అయ్యాక షెడ్డు తాళాలు తీసుకోవడానికి వెళితే, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెరిచి చూశాను. ఫొటోలు లేవు. వీడియోలు లేవు. చుట్టాలు పంపిన శుభోదయాలు లేవు. ఫోనుతో వచ్చిన సరంజామా పోగా ఏలూరు దాకా అంతా ఖాళీ.

"మేస్త్రి ఏవీ ఉంచేవాడు కాదు సార్," అన్నాడు కుర్రాడు. "వచ్చినవి వచ్చినట్టు తీసేసేవాడు. ఇది నిండదంట కదా మేస్త్రీ అంటే వినేవాడు కాదు. మావాడివి వస్తాయిరా, వాటికి చోటుండాలి అనేవాడు. ఈ ఒక్కటి మాత్రం పాత ఫోన్లోంచి కూడా మార్పించుకున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక రోజూ వినేవాడు."

అతను చూపించిన చోట నా పేరుంది. దాని కింద నా గొంతుతో నలభై మూడు వాయిస్ మెసేజీలు. ఒక్కొక్కటీ అయిదారు సెకన్లు. మొదటిది నొక్కాను.

"మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా."

రెండోదీ అదే. పదోదీ అదే. చివరిదాంట్లో మాత్రం "రేపు తప్పకుండా" అని ఉంది.

ఇరవై ఏళ్ళ అలవాటు. వేలు దానంతటదే సైజు చూసింది. నలభై మూడూ కలిపి అర ఎంబీ లేవు. నాన్న సుద్దతో ఏలూరు దాకా నిలబెట్టిన లారీల్లో, మొదటి లారీ మీది మొదటి మిషన్లో నేను వేసిన లోడు ఏడో వంతు కూడా లేదు.