బ్యాంకు వద్దనే డబ్బు

డబ్బు కడతామంటే వద్దనే బ్యాంకు ఉంటుందా? ఉంటుంది. క్రెడిట్ కార్డు అంటగట్టడానికి రోజు మార్చి రోజు ఫోన్ చేసే బ్యాంకే అది. "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ కార్డు వచ్చింది, లైఫ్‌టైమ్ ఫ్రీ" అని ఓ గొంతు తియ్యగా చెబుతుంది. సరే కదా అని ఆ కార్డు పుచ్చుకుని అదే బ్యాంకు హోమ్‌లోన్ కౌంటరుకు వెళ్లి "ఈ నెల ఈఎంఐ దీంతో గీకెయ్యండి" అంటే, "కార్డు తీసుకోం సార్, అకౌంట్లో ఉంచండి, అయిదో తారీకున కట్ అవుతుంది" అని మరో గొంతు చప్పగా చెబుతుంది. కార్డూ వాళ్లదే, అప్పూ వాళ్లదే, అయినా ఒకదానికొకటి పడదు. కూరగాయల నుంచి కారు ఇన్సూరెన్సు దాకా అన్నీ కార్డు మీద నడుస్తుంటే, నెలలోకెల్లా పెద్ద ఖర్చుకే అది పనికిరాదా అని మధ్యతరగతికి ఉక్రోషం. నేనేమంటానంటే, బ్యాంకు మనకు ఉచితంగా ఇచ్చే మంచి సలహా బహుశా ఇదొక్కటే. దాన్ని కాదని అడ్డదారులు వెతికేవాళ్లు లెక్కలో తప్పుతున్నారు.

అలాగని బ్యాంకు మన మేలు కోరి వద్దంటోందని కాదు. కార్డు గీకిన ప్రతిసారీ డబ్బు పుచ్చుకునేవాడికి మొత్తం సొమ్ము ముట్టదు. రెండు శాతం అటూ ఇటూగా ఎండీఆర్ అనే పేరుతో కోత పడుతుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు, మెషీను పెట్టిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డు లాంటి సంస్థలు దాన్ని పంచుకుంటాయి. చీర మీద లాభం ఉంది కాబట్టి బట్టల కొట్టాయన ఆ కోత భరిస్తాడు. ఇంటి అప్పులో అంత లాభం ఉండదు. యాభై లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అనుకుందాం. నెల కిస్తీ 43,391 రూపాయలు. అందులో రెండు శాతమంటే 868 రూపాయలు. 240 నెలలకు రెండు లక్షలు దాటిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. జీతం పడే ఖాతాలోంచి కిస్తీ కోసుకుంటే, జీతం ఆగిన నెలే బ్యాంకుకు ఆ విషయం తెలిసిపోతుంది. కార్డుతో కట్టేవాడికి ఉద్యోగం ఉందో ఊడిందో కార్డు లిమిటు అయిపోయేదాకా బయటపడదు. అప్పు ఇచ్చినవాడికి కావలసింది తిరిగొచ్చే డబ్బు. ఇంకో అప్పులోంచి వచ్చే డబ్బు చూసి వాడు సంతోషించడు.

నిజానికి ఈ రెండు అప్పుల పుట్టుకలే వేరు. రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుతోనే సొంతిల్లు అనుకునే కాలంలో, 1977లో, హెచ్.టి. పారేఖ్ హెచ్‌డీఎఫ్‌సీ పెట్టి, ఉద్యోగంలో ఉండగానే ఇల్లు కట్టుకుని ఏళ్ల తరబడి తీర్చుకోమన్నారు. కార్డు విషయంలో మన తెలుగువాళ్లకు వారసత్వపు హక్కు లాంటిది ఒకటుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో చాలా బ్యాంకులకు ఆ ఊహ కూడా తట్టకముందే, 1981లో క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసి ఆ పేరు పోయింది కానీ అలవాటు మిగిలింది. వడ్డీని మన ఊళ్ల లెక్కలో చెప్పుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇంటి అప్పు నూటికి నెలకు డెబ్భై పైసల వడ్డీ. బాకీ మిగిల్చిన కార్డు చాలాచోట్ల మూడు రూపాయల డెబ్భై అయిదు పైసల వడ్డీ. పైన 18 శాతం జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయల నలభై రెండు పైసలు. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే రచ్చబండ దగ్గర నలుగురూ జాలిపడతారు. అదే వడ్డీకి ప్లాటినం అని పేరు పెడితే నలుగురూ అసూయపడతారు. ముప్పై శాతం మించి వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అంటే, ఆ తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ గొడుగు కూడా ఇప్పుడు లేదు.

ఇక కిస్తీని ఏదో ఒక దారిన కార్డు మీదికి మళ్లించారనే అనుకుందాం. బిల్లులో రెండు అంకెలు కనిపిస్తాయి. మొత్తం బాకీ 43,391. కనీస చెల్లింపు, అయిదు శాతం చొప్పున, 2,170. రెండో అంకె చూడగానే ప్రాణం లేచొస్తుంది. నలభై మూడు వేల కిస్తీ రెండు వేలకు దిగొచ్చినట్టుంటుంది. ఆ 2,170 ఎక్కడికి పోతుందో చూడండి. నెల వడ్డీ 1,627. దాని మీద జీఎస్టీ 293. రెండూ కలిపి 1,920. అసలులో తగ్గేది 250 రూపాయలు. ఆ 250 తగ్గడం కూడా బ్యాంకు దయ కాదు. కనీస చెల్లింపు కట్టినవాడి అప్పు పెరగకూడదని రిజర్వు బ్యాంకు 2022 నాటి కార్డుల నిబంధనల్లో రాసింది. కనీసం మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడతాయని ప్రతి బిల్లు మీదా హెచ్చరిక అచ్చువేయాలని కూడా రాసింది. సిగరెట్ పెట్టె మీద బొమ్మను చూసినట్టే దాన్నీ చూసి పక్కన పెడతాం. పైగా పాత బాకీ ఉండగా కొత్త ఖర్చుకు వడ్డీ లేని రోజులు ఉండవు. అంటే రెండో నెల కిస్తీకి గీకిన రోజు నుంచే వడ్డీ. లిమిటు సరిపోయి ఏడాది ఇలా నడిచిందనుకుంటే, ఇంటి అప్పులో అసలు దాదాపు లక్ష తగ్గుతుంది, కార్డు బాకీ అయిదు లక్షలు దాటుతుంది. లక్ష తీర్చడానికి అయిదు లక్షల అప్పు చేయడం మన ఇళ్లలో పెళ్లిళ్లకు తప్ప ఎక్కడా చెల్లదు.

"అంత తెలివితక్కువవాళ్లం కాదు, గడువులోగా మొత్తం కట్టేస్తాం, నలభై అయిదు రోజులు డబ్బు మన దగ్గర ఉంటుంది, పైగా పాయింట్లు" అంటారు లెక్క తెలిసినవాళ్లు. లెక్కే వేద్దాం. 43,391 రూపాయలు 45 రోజులు సేవింగ్స్ ఖాతాలో 2.5 శాతానికి పడుకుంటే వచ్చేది 134 రూపాయలు. వంద రూపాయలకు ఒక పాయింటు, పాయింటుకు పావలా ఇచ్చే మామూలు కార్డయితే 433 పాయింట్లకు 108 రూపాయలు. మొత్తం రాబడి 242. ఇక ఖర్చు. కార్డు డబ్బును ఖాతాలోకి చేర్చే మధ్యవర్తి ఒక శాతమే పుచ్చుకున్నా 434, జీఎస్టీతో 512. నెలకు 270 రూపాయల నష్టం. ఇంతా చేసి, ఇలాంటి చెల్లింపులకు పాయింట్లు ఇవ్వబోమని చాలా కార్డులు షరతుల్లో ముందే రాసుకుంటాయి. అప్పుడు నష్టం 378. అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడు కనీసం పప్పన్నా తిన్నాడు.

మధ్యవర్తి మాట వచ్చింది కాబట్టి ఆ సర్కస్ కూడా చెప్పుకోవాలి. కిస్తీకి కార్డు పనికిరాదు కానీ ఇంటి అద్దెకు పనికొస్తుందని కొన్ని యాప్‌లు కొన్నేళ్లు దారి తెరిచాయి. అంతే, సొంతింట్లో ఉన్నవాళ్లు కూడా రాత్రికి రాత్రి అద్దెకు దిగారు. బావమరిది ఇంటి ఓనరయ్యాడు. అప్పటిదాకా ఇంట్లో మాట చెల్లని భార్య యాప్‌లో పాన్ నంబరుతో సహా గృహయజమానురాలైంది. కార్డులోంచి అద్దె ఆమెకు, ఆమె ఖాతాలోంచి కిస్తీ బ్యాంకుకు. బ్యాంకులు కళ్లు మూసుకోలేదు. 2022 అక్టోబరులో ఐసీఐసీఐ అద్దె చెల్లింపుల మీద ఒక శాతం రుసుము పెట్టింది, మరికొన్ని అదే బాట పట్టాయి. చివరికి 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్ల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. తమతో ఒప్పందం ఉండి, కేవైసీ పూర్తయిన వ్యాపారులకు మాత్రమే వాళ్లు డబ్బు చేర్చాలి. బావమరిది వ్యాపారి కాడు కాబట్టి యాప్‌లు ఆ సౌకర్యాన్ని ఎత్తేశాయి. మిగిలింది "కార్డు గీకండి, క్యాష్ తీసుకోండి" అనే కొట్లు. అమ్మని సరుకుకు బిల్లు వేసి, రెండు మూడు శాతం కోసుకుని నోట్లు లెక్కపెట్టే ఆ వ్యవహారం కార్డు ఒప్పందానికి విరుద్ధం, తేడా వస్తే పోలీసు కేసు కూడా.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. దారి తెరిచి ఉన్న రోజుల్లో కొందరికి నిజంగానే లాభం వచ్చింది. వార్షిక రుసుము మాఫీకి కావలసిన ఏడాది ఖర్చులో ముప్పై వేలు తక్కువై 1,180 రూపాయలు మీద పడబోతుంటే, ఆ ముప్పై వేలను అద్దెగా చూపి, ఒక శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 354 రూపాయలు పోసి దాన్ని తప్పించుకోవడం తెలివైన పనే. కాకపోతే అది ఏడాదికోసారి చేసే పని, నెలనెలా నడిపేది కాదు. అమెరికాలో మన డాలస్, న్యూజెర్సీ వాళ్లకూ ఇదే తంటా. అక్కడా మార్ట్‌గేజ్ సంస్థలు మామూలుగా కార్డు తీసుకోవు. మధ్యవర్తులు మూడు శాతం దాకా పుచ్చుకుంటారు, మంచి కార్డు రెండు శాతం వెనక్కి ఇస్తుంది. 2021లో మూడు శాతం స్థిర వడ్డీకి అప్పు దొరికినవాడు, ప్రతి కిస్తీ మీద ఇంకో మూడు శాతం పోసి, అందులో రెండు తిరిగొచ్చిందని వాట్సాప్ గ్రూపులో పండగ చేసుకుంటాడు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఉద్యోగం పోయింది, లేదా ఇంట్లో ఆపరేషన్ వచ్చింది. కిస్తీ తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది. ఆ ఒక్క నెలకు కార్డు ఆదుకుంటే తప్పేమిటి? ఈ మాట అన్నవాణ్ణి ఎగతాళి చేయకూడదు. కానీ ఆపదలోనే రెండు అప్పుల స్వభావం బయటపడుతుంది. ఇంటి అప్పు ఇచ్చినవాడి దగ్గర ఇంటి కాగితాలు ఉన్నాయి కాబట్టి వాడికి ఓపిక ఉంటుంది. కిస్తీ తప్పితే చెక్ బౌన్సు లాంటి రుసుము, ఒక అపరాధ రుసుము పడతాయి. ఆ అపరాధ రుసుమును అసలులో కలిపి వడ్డీ మీద వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది. తొంభై రోజులు దాటితే గానీ ఖాతా మొండి బాకీ కాదు. ఆ తర్వాత కూడా ఇంటిని స్వాధీనం చేసుకునే ముందు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. కార్డు ఇచ్చినవాడి దగ్గర తాకట్టు ఏమీ లేదు, అందుకే వాడి దగ్గర ఓపికా లేదు, రికవరీ మనుషులు ఉన్నారు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని నిబంధన ఉందంటేనే మధ్యలో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. కన్యాశుల్కంలో గిరీశం ఫొటో బాకీకి వచ్చిన మనిషిని మాటలతో దాటేశాడు. అతనికి కార్డు ఉండి ఉంటే ఆ గడుసుదనం ఎందుకూ కొరగాకపోయేది. ఎంత మాట్లాడినా బిల్లుకు చెవులు లేవు.

కాబట్టి ఆపద వస్తే కిస్తీ తేదీకి ముందే బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని గడువు పెంచమని అడగడం నామోషీ కాదు. మన ఇళ్లలో బీరువాలో బంగారం ఉంటుంది. దాని మీద రూపాయి లోపు వడ్డీకే బ్యాంకులో అప్పు పుడుతుంది. ఒక కిస్తీ డబ్బును పది శాతం వడ్డీకి మూడు నెలలు వాడుకుంటే కట్టవలసిన వడ్డీ దాదాపు పదకొండు వందలు. కార్డు మీద అదే 5,700 దాటుతుంది. గడువులోగా కార్డు బిల్లు మొత్తం కట్టగలిగినవాడికి కిస్తీని కార్డు మీద వేసే అవసరమే లేదు. ఆ అవసరం పడ్డవాడికి అది కట్టే తాహతు లేదు. ఇక మధ్యవర్తికి రుసుముగా పోయే ఆ 512 రూపాయల సంగతి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చుకుంటే వ్యక్తులకు జరిమానా లేదు. నెలనెలా ఆ 512 కిస్తీకి అదనంగా కడితే 240 నెలల అప్పు 233 నెలల్లో తీరుతుంది. ఏడు కిస్తీలు మిగులు, అదనంగా కట్టింది తీసేసినా లక్షా ఎనభై వేలకు పైనే. పాయింట్లు పోగేసుకుని ఎయిర్‌పోర్టు లాంజిలో ఉచితంగా తినే ఉప్మా ఎంత రుచిగా ఉన్నా అంత ఖరీదు చేయదు.