ఫ్లెక్సీ సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: "తమ్ముడూ, ఫోటో ఫుల్లుగా రావాలి. మొహాలు సాగకూడదు, ఎవళ్ళూ తెగకూడదు, ఖాళీ కనబడకూడదు."

సందర్భం: షష్టిపూర్తికి ఫంక్షన్ హాలు గేటు మీద కట్టే ఫ్లెక్సీ కోసం షాపుకొచ్చిన పెద్దకొడుకు, కంప్యూటర్ ముందున్న కుర్రవాడితో అన్న మాట. ఫ్లెక్సీ 8 అడుగులు బై 4. తెచ్చిన ఫ్యామిలీ ఫోటో 3:2 పాళ్ళది. ఈ రెండు కొలతలూ తెలియకపోతే సూత్రం బోధపడదు.

ప్రతిపదార్థం: తమ్ముడూ = ఓ డిజైనరూ (వయసుతో నిమిత్తం లేదు); ఫోటో = వాట్సాప్‌లో పంపగా చిక్కిపోయి చేరినట్టిది; ఫుల్లుగా = నాలుగంచులూ తాకునట్లు; రావాలి = సాయంత్రంలోగా అని అధ్యాహారం; మొహాలు = ముఖ్యముగా చెప్పేవాడి మొహము; సాగకూడదు = నిడివీ వెడల్పూ ఒకే పాళ్ళలో పెరగవలెను; ఎవళ్ళూ = అలగగల బంధువులెవ్వరును; తెగకూడదు = స్పష్టము; ఖాళీ కనబడకూడదు = దీని సంగతి చివర.

పూర్వపక్షం: ఇది అసాధ్యమని లెక్క తెలిసినవాళ్ళు. ఎత్తు 4 అడుగులకు సరిపెడితే వెడల్పు 6 అడుగులే వస్తుంది, 2 అడుగులు ఖాళీ. వెడల్పు 8కి సరిపెడితే ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, అందులో 16 అంగుళాలు కోయాలి. రెండూ వద్దని 6 అడుగుల దాన్ని 8కి లాగితే అందరూ మూడోవంతు లావెక్కి, పెద్దాయన మొహం పొంగిన పూరీ అవుతుంది. వెబ్‌పేజీలవాళ్ళ సీఎస్ఎస్ శాస్త్రంలో ఈ మూడు గతులకీ వరసగా కంటైన్, కవర్, ఫిల్ అని పేర్లు. విచిత్రమేమంటే, నోరు విప్పి ఏదీ అడక్కపోతే ఆ శాస్త్రం చేసేది ఫిల్, అంటే సాగదీతే.

శాఖాభేదం: కోరెల్‌డ్రా శాఖలో మూల పట్టుకు లాగితే పాళ్ళు చెదరవు, పక్క పట్టుకు లాగితే సాగుతుంది. ఫోటోషాప్ శాఖలో షిఫ్ట్ నొక్కి లాగడం చిరకాలపు ఆచారం. 2018 అక్టోబరులో వచ్చిన సీసీ 2019 దాన్ని తలకిందులు చేసింది. ఇప్పుడు నొక్కకపోతేనే పాళ్ళు నిలుస్తాయి, నొక్కితే సాగుతుంది. పాత గురువు దగ్గర నేర్చిన వేలు మాత్రం ఇంకా షిఫ్ట్ మీదకే పోతుంది. ఊళ్ళో వేలాడే సాగిన మొహాల్లో కొన్ని ఆచారపరుల పుణ్యమేనని నా అనుమానం.

విశేషం: "ఎవళ్ళూ తెగకూడదు" అన్నప్పుడు అందరి భయమూ చివర నిలబడ్డ బావమరిది గురించే. అడ్డంగా పొడుగైన ఫ్లెక్సీలో అతనికేం కాదు. తెగేది పైనా కిందా. చెరిసగం కోస్తే పైన 8 అంగుళాలు పోయి వెనక వరస మేనమామలకి నుదుళ్ళుండవు. పోనీ ఫోటోని పై అంచుకి ఆనించి 16 అంగుళాలూ కిందే కోద్దామంటే, జంపఖానా మీద కూర్చున్న మనవలు గల్లంతు. మేనమామలకి సర్దిచెప్పవచ్చు. మనవడు లేని ఫ్లెక్సీని పెద్దాయన గేటు దాకా కూడా రానివ్వడు.

సిద్ధాంతం: మూలకర్త "ఖాళీ ఉండకూడదు" అనలేదు, "కనబడకూడదు" అన్నాడు. పూర్వపక్షులు ఈ క్రియను చూసుకోలేదు. కాబట్టి అదే ఫోటోని రెండుసార్లు వాడాలి. వెనక 8 అడుగులకీ కవర్‌గా పరిచి బాగా మసక చెయ్యాలి. దాని మీద 6 అడుగుల పూర్తి ఫోటో నిలబెట్టాలి. నిలువుగా తీసిన సెల్‌ఫోన్ వీడియోకి టీవీ న్యూస్‌వాళ్ళు అటూ ఇటూ చేసేదీ ఇదే. వెనక మేనమామలు తెగారు కదా అంటే, మసకలో తెగినవాడు తెగినట్టు కాదు, ముందు నిక్షేపంలా ఉన్నాడు. ఫుల్లుగా రాలేదు కదా అంటే, ఫోటో ఫుల్లుగానే ఉంది, ఫ్లెక్సీ కూడా ఫుల్లుగానే ఉంది. రెండూ ఒకటే ఫుల్లు కావాలని మూలంలో లేదు.

తాత్పర్యం: ఓ డిజైనరూ! మావాళ్ళందరూ ఉండాలి, ఒక్కరూ లావెక్కకూడదు, ఆ మిగిలిన 2 అడుగుల సంగతి నువ్వే చూసుకో, మాకు చెప్పకు అని భావము.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో ఉత్తరసూత్రం వచ్చింది: "తమ్ముడూ, అటూ ఇటూ చోటుందిగా, ఒకవైపు వెంకన్నబాబు, ఒకవైపు అమ్మవారు పెట్టెయ్." చోటు చెరో అడుగు వెడల్పు, 4 అడుగుల ఎత్తు. గూగుల్‌లో దొరికిన వెంకన్నబాబు బొమ్మ చదరంగా ఉంది.