చిన్న రాళ్లే కదా అన్నాను

పదో తరగతి పిల్లలకు పోషణ పాఠం చెప్పిన ప్రతి ఏడూ నల్లబల్ల మీద క్లోమం బొమ్మ వేసేవాణ్ణి. జీర్ణాశయం వెనక అడ్డంగా ఉండే గ్రంథి, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. కాలేయం నుంచి దిగే పైత్యరస నాళం, క్లోమనాళం చివర్లో కలిసి ఆంత్రమూలంలోకి తెరుచుకోవడం రంగు సుద్దతో గీసి చూపించేవాణ్ణి. ట్రిప్సిన్ మాంసకృత్తులను, లైపేజ్ కొవ్వును అరిగిస్తాయని వల్లె వేయించేవాణ్ణి. అంత పాఠం చెప్పినవాణ్ణి, మా ఆవిడ ప్రాణం మీదికి నా చేతులారా తెచ్చాను. దాచుకుని లాభం లేదు కాబట్టి రాస్తున్నాను.

వేరే దేనికో తీయించిన స్కానింగులో ఆమె పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. చాలా ఉన్నాయి, అన్నీ చిన్నవి. పెద్దదే 4 మిల్లీమీటర్లు. డాక్టరు గారు స్పష్టంగానే చెప్పారు: నొప్పి లేనంతకాలం ఆగవచ్చు, నొప్పి మొదలైతే మాత్రం తీసేయాలి. నేను మొదటి సగమే చెవిన వేసుకున్నాను. చిన్న రాళ్లే కదా, వాటంతటవే పడిపోతాయి అనుకున్నాను. తోటి మాస్టారు కిడ్నీలో రాళ్లకు కొండపిండి ఆకు కషాయం తాగాడని విని, తెప్పించి కాచి ఈమెకూ పట్టించాను. కిడ్నీలో రాయి వేరు, పిత్తాశయంలో రాయి వేరు. ఇది ఎక్కువగా కొలెస్టరాల్ గట్టిపడి తయారయ్యేది. పైగా ఇక్కడ చిన్న రాయే ప్రమాదం. పెద్దది సన్నటి నాళంలోకి దూరలేక పిత్తాశయంలోనే ఉండిపోతుంది. చిన్నది జారి కిందికి వచ్చి, రెండు నాళాలూ కలిసేచోట అడ్డం పడుతుంది. రెండు కాలువలు ఒకే తూములోకి చేరేచోట దుంగ అడ్డం పడితే నీళ్లు వెనక్కి తన్నినట్టే, క్లోమరసం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పేగులోకి వెళ్లాక పని మొదలుపెట్టాల్సిన ఆ రసం క్లోమంలోనే మొదలుపెట్టి ఆ గ్రంథినే అరిగించేస్తుంది. ఏళ్ల తరబడి నేను గీసిన బొమ్మలోనే ఈ సంగతంతా ఉంది.

పండగపూట గారెలో, పెళ్లిలో నెయ్యి భోజనమో అయిన రాత్రి ఆమెకు కుడివైపు డొక్క కింద పట్టేసేది. నొప్పి వీపు మీదికి, భుజం ఎముక దాకా పాకి, గంటా రెండు గంటలుండి పోయేది. “గ్యాసు” అనేవాణ్ణి. జీలకర్ర నీళ్లు ఇచ్చేవాణ్ణి, సోడా తాగమనేవాణ్ణి, ఇంట్లో ఉన్న గ్యాస్ బిళ్ల మింగించేవాణ్ణి. మనిళ్లల్లో రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా వచ్చే ప్రతి నొప్పికీ ఆ ఒక్క పేరే. డాక్టరు చెప్పిన రెండో సగం మొదలైందని నాకు తట్టలేదు.

అసలు నొప్పి వచ్చిన రాత్రి దాని తీరే వేరు. రొమ్ము కింద మొదలై సూటిగా వీపులోకి దిగిపోయింది. పడుకోనివ్వలేదు. దిండు పొట్టకు అదుముకుని మంచం పట్టీ మీద ముందుకు వంగి కూర్చుంది. వాంతైతే నొప్పి నెమ్మదిస్తుందనుకున్నాను. ఎన్ని వాంతులైనా ఇసుమంత తగ్గలేదు. “ఏమండీ, ఇది ఎప్పటి నొప్పి కాదు” అంది. తెల్లారనీ అన్నాను. ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించాను. తెల్లారేసరికి పెదవులు పిడచకట్టుకుపోయాయి. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే లైపేజ్ ఉండాల్సినదానికి మూడు రెట్లు దాటిపోయింది. అక్యూట్ పాంక్రియాటైటిస్ అన్నారు.

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సిగ్గు. అది తాగుబోతుల జబ్బని ఊళ్లో అందరూ అనుకునేదే. మద్యం పెద్ద కారణమే, కాదనను. కానీ పిత్తాశయంలో రాళ్లు అంతకు తక్కువ కారణమేమీ కాదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటినా రావచ్చు, కొన్ని మందుల వల్లా రావచ్చు. ఇదంతా చెప్పే ఓపిక లేక, అడిగినవాళ్లందరికీ కామెర్లని అబద్ధం చెప్పాను. మా బావమరిది పెద్దాసుపత్రిలో నర్సు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఆ తర్వాత నేను చేసిన పని అతను చేయనిచ్చేవాడు కాదు.

సెలైన్లతో, నొప్పి సూదులతో ఆమె త్వరగానే తేరుకుంది. ఎక్కువమందికి అలాగే తగ్గుతుందట. ఇంటికి పంపేముందు సర్జన్ గారు వచ్చి, “మాస్టారూ, పిత్తాశయం ఇప్పుడే తీసేద్దాం. ఇంటికెళ్లి వస్తానంటే మధ్యలో మళ్లీ రావచ్చు” అన్నారు. మంచం మీద నుంచి ఆమె కూడా, “డాక్టరుగారు అంతగా చెబుతున్నారు, చేయించేసుకుంటే పోదా అండీ?” అంది. నొప్పి తగ్గాక కోతెందుకన్నాను. అమ్మాయి నిశ్చితార్థం దగ్గర పడింది, అది కానిచ్చి వద్దామన్నాను. సంతకం పెట్టి తీసుకొచ్చేశాను. నెదర్లాండ్స్‌లో 23 ఆసుపత్రుల్లో 266 మంది రోగుల మీద సరిగ్గా ఈ సంగతే పరిశీలించి, 2015లో లాన్సెట్‌లో ప్రచురించారని తర్వాత తెలిసింది. జబ్బు తేలిగ్గా వచ్చి తగ్గినవాళ్లలో, ఆసుపత్రిలో ఉండగానే ఆపరేషన్ అయినవాళ్లను చూస్తే 100కి 5 మందికి మళ్లీ ఇబ్బంది వచ్చింది. ఇంటికెళ్లి నెల తర్వాత వచ్చినవాళ్లలో 17 మందికి. ఆ సర్జన్ గారు ఊసుపోక చెప్పిన మాట కాదది.

నిశ్చితార్థం అయింది. ఆ వారంలోనే మళ్లీ వచ్చింది. ఈసారి ఐసీయూ.

అక్కడ కూడా నా అజ్ఞానం ఊరుకోలేదు. వచ్చిన రోజే సీటీ స్కాన్ తీయలేదని గొడవపడ్డాను. క్లోమం ఎంత దెబ్బతిన్నదో స్కానులో సరిగ్గా కనబడటానికి మూడు రోజులు పడుతుంది. గట్టి యాంటిబయాటిక్ ఎందుకు వేయరని నిలదీశాను. మొదట్లో అది క్రిమి వల్ల వచ్చిన వాపు కాదు, చీము పడితే తప్ప ఆ మందుకు పని లేదు. రోజూ లైపేజ్ ఎంతని మార్కుల్లా అడిగేవాణ్ణి. ఆ అంకె జబ్బును గుర్తుపట్టడానికే గానీ, తీవ్రత చెప్పడానికి పనికిరాదు. తీవ్రత చెప్పేది మంచం పక్కన వేలాడే మూత్రం సంచి. సిస్టర్ గంటగంటకూ వంగి, దాని మీది గీతలు చూసి కాగితం మీద రాసుకునేది. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరైనా రావాలి. ఆమెకు ఆ లెక్కకు చాలడం లేదు. ఊపిరి ఎగపోస్తోంది. అవయవాలు ఇలా మొరాయించి 48 గంటలు దాటినా దారికి రాకపోతే జబ్బు తీవ్రమైనట్టు లెక్క. అలాంటివాళ్లలో ప్రాణాపాయం చాలా ఎక్కువ. ఆ 48 గంటలూ బయట బెంచీ మీద కూర్చుని, నిశ్చితార్థం తాంబూలాలు నా కళ్లముందు మెదులుతుంటే నన్ను నేను తిట్టుకున్నాను.

ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి ఆహారం ఇస్తామంటే అడ్డుపడ్డాను, పొట్టకు విశ్రాంతి ఇవ్వాలి కదా అని. పేగులోకి ఏమీ పోకపోతే పేగు పొర బలహీనపడి, అందులోని క్రిములు రక్తంలోకి చేరతాయని, అందుకే వీలైనంత త్వరగా పేగుకు పని చెప్పాలని వాళ్లు ఓపిగ్గా వివరించారు. అప్పటికి నాకు ఎదురు చెప్పే మొహం లేదు.

ఆమె బతికింది. క్లోమంలో చెడిపోయిన భాగం చుట్టూ నీరు చేరి గోడ కట్టేదాకా వారాలు ఆగి, ఎండోస్కోపీతో జీర్ణాశయం గోడలోంచి దారి చేసి తీశారు. అంతా సద్దుమణిగాకే పిత్తాశయం తీసేశారు. క్లోమం అంతగా దెబ్బతినడంతో ఇప్పుడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటోంది. అన్నం ముద్దతోపాటు అరుగుదల ఎంజైముల గొట్టం మాత్రలు మింగుతోంది. మొదటిసారే చేయించి ఉంటే, పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలతో అయిపోయేది.

మీ ఇంట్లో ఎవరి స్కానింగు రిపోర్టులోనైనా పిత్తాశయంలో రాళ్లున్నాయని ఉంటే ఆ కాగితం బీరువాలో పెట్టి మరిచిపోకండి. భోజనం తర్వాత కుడి డొక్కలో నొప్పి వస్తోందంటే ఆ కాగితం పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి. నొప్పి వీపులోకి దిగి, మనిషి పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే బయల్దేరండి. ఒకసారి పాంక్రియాటైటిస్ వచ్చి తగ్గాక ఆపరేషన్ చేస్తామంటే ముహూర్తాలు, పెళ్లిళ్లు అడ్డం చెప్పకండి. మీ ఆవిడ చేయించుకుంటానంటే దయచేసి ఆమె మాట వినండి.